తలుపు ఎపిసోడ్‌ను ఎవరు చెరిపారు?

చెరిపింది మీరు. మీట మీ దగ్గరుంది, నొక్కింది మీరు. నొక్కేశాక జనం వైపు వేలు చూపించి "వాళ్లే వద్దన్నారు" అన్నది కూడా మీరే. చిత్రనాడి కంపెనీ పెద్దలారా, మా అక్క స్వరూప గొంతును మీరు చెత్తలో పారేశారు. బతికున్న మనిషి గొంతు. దానికి "జీవం లేని భాగం" అని పేరు పెట్టారు. మీ తెర మీద ఆ మాట నేను కళ్లారా చదివాను.

నా పేరు ఐలేష్. బోరబండలో మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు బాగుచేస్తాను. పదో తరగతి దాకా బడి, ఆ తర్వాత దొరికినదల్లా విప్పి చూసి నేర్చుకున్నదే. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని నేనే చెప్తాను. మీరు శ్రమ పడక్కర్లేదు.

"కవచవీర తొకియా" అని జపాన్ సీరియల్ ఒకటి తెలుగులో వచ్చేది. ఆదివారం పొద్దున తొమ్మిదికి. లిఫ్టులు బాగుచేసే తొకియాకు ఒక ఇనుప కవచం దొరుకుతుంది. అది తొడుక్కుని, సముద్రం అడుగు నుంచి వచ్చే సేనతో పోరాడతాడు. ఆ సేనకు నాయకురాలు కురోహ. నల్ల రెక్కలు, సగం ముఖానికి ముసుగు. కురోహకు తెలుగు గొంతు మా అక్కది. కృష్ణానగర్ స్టూడియోల్లో అక్క పన్నెండేళ్లు డబ్బింగ్ చెప్పింది. ముసలమ్మలకు, దయ్యాలకు, షాంపూ ప్రకటనల్లో కోడళ్లకు చెప్పింది. చివరికి కురోహ దొరికింది.

సీరియల్ అయ్యాక పదింటికి మేమంతా యాదగిరి జిమ్ము మేడ మీద చేరేవాళ్లం. సీరియల్లో కొట్లాటలే కావాలనే కొట్లాట పార్టీకి యాదగిరి పెద్ద. నేను అతని మనిషిని. మాటల పార్టీకి ఫరీదా మేడం పెద్ద. సర్కారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు. తొకియా తన తల్లితో ఫోన్లో మాట్లాడే సీన్లంటే ఆమెకు ప్రాణం. మాకు ఆవలింత.

"కొట్లాట లేనిది ఇగ కవచం ఎందుకు మేడం? ఇస్త్రీ చేస్కొని అల్మారల పెట్టుకుంటడా?" అనేవాడు యాదగిరి.

"నీకు కొట్లాటే కావాలంటే పొద్దుగాల ఐదింటికి నల్లా కాడికి పో. బిందెలతోని కొట్టుకుంటుంటరు. టీవీ ఎందుకు, కరెంటు దండగ" అనేది మేడం.

మా మేడ మీద ఒక కట్టుబాటు ఉండేది. అవతలి పార్టీకి నచ్చిన సీనును తిట్టాలంటే ముందు ఆ సీను నువ్వు చెప్పాలి. బాగా చెప్పాలి. "ఆఁ, గిదే" అని వాళ్లు ఒప్పుకోవాలి. అప్పుడు తిట్టొచ్చు. దానికి "ఎదురు సీను" అని పేరు పెట్టుకున్నాం. ఈ కట్టుబాటు వల్ల నేను తల్లి ఫోన్ సీన్లన్నీ కళ్లు పెద్దవి చేసుకుని చూడాల్సి వచ్చేది. ఒకసారి ఎంత బాగా చెప్పానంటే ఫరీదా మేడం కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ వెంటనే నేను ఆ సీనును పదిహేను నిమిషాలు చీల్చి చెండాడాను.

అక్క అప్పుడప్పుడూ వచ్చి మెట్ల మీద కూర్చుని వినేది. నవ్వేది. "మీ రెండు పార్టీలకు నేనే దిక్కురా. అరిసేది నేనే, ఏడ్సేది నేనే" అనేది.

అప్పుడు మీ పట్టీ వచ్చింది.

నాడిపట్టీ. చేతికి కట్టుకుని సీరియల్ చూడాలి. ఊరికే ఇచ్చారు గనక అందరం కట్టుకున్నాం. మొదటి ఆదివారం యాదగిరి జిమ్ములో చూస్తున్నాం. తొకియా గుద్దు గుద్దాడు. యాదగిరి నాడి ఎగిరింది. అంతే, ఆ గుద్దు ఇంకో మూడు సెకన్లు సాగింది. తెర వెనక డప్పులు మోగాయి. యాదగిరి కుర్చీ మీదికెక్కి అరిచాడు, "అరేయ్, గిది నా మనసు సదువుతున్నది రా!"

అదే సమయానికి ఫరీదా మేడం ఇంట్లో తొకియా తల్లి టీ కప్పు పట్టుకుని ఇంకాసేపు కిటికీ దగ్గర నిలబడిందట. వెనక సన్నగా వేణువు. మేడం కూడా మురిసిపోయింది.

రెండో వారం కొట్లాటలు ఇంకాస్త పెరిగాయి మాకు. మాటలు పెరిగాయి వాళ్లకు. నాడి లేవని చోట కోత పడుతుంది, లేచిన చోట సాగుతుంది, అతుకు కనిపించకుండా ఎవరికి తగిన సంగీతం వాళ్లకు పడుతుంది. మూడో నెలలో మేడ మీద జరిగింది ఇది.

"తల్లి ఇయ్యాల ఫోన్ల ఏమన్నది? ఎదురు సీను చెప్పు యాదగిరీ" అంది మేడం.

"ఎవరి తల్లి?"

"తొకియా తల్లి."

"ఆమె ఇంకా ఉన్నదా?"

మేం నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. వాళ్ల సీను మాలో ఎవరికీ తెలియదు. మా సీను వాళ్లకు తెలియదు. చెప్పడానికేం లేదు, తిట్టడానికీ లేదు. నాలుగో నెలకు మేడ ఖాళీ. ఎవరి సంఘం వాళ్లది.

అది చాలదని మీరు ఇంకోటి తెచ్చారు. ఏ భాగానికైనా తెలుగు ప్రేక్షకుల నాడి సగటు ఒక గీత కిందికి పడితే, శుక్రవారం సాయంత్రం దాన్ని తెలుగు మూలం నుంచే తీసేస్తామన్నారు. కరెంటు ఆదా అట. మీరు ఆదా అన్నారు. మేం ఆయుధం అనుకున్నాం.

ఇక్కడ నా తప్పు మొదలవుతుంది. మాటల సీను రాగానే నాడిని పడుకోబెట్టే ఉపాయం యాదగిరి కనిపెట్టాడు. కళ్లు మూసుకో, నాలుగు లెక్క పెడుతూ గాలి తీసుకో, ఎనిమిది లెక్క పెడుతూ వదులు. మేం దాన్ని కరీంనగర్ వాళ్లకు, గుంటూరు వాళ్లకు కూడా వీడియో పెట్టి నేర్పాం. కొట్లాట రాగానే లేచి గుంజీలు తీసేవాళ్లం, నాడి ఎగరాలని. ఫరీదా మేడం ఊరుకుంటుందా? కొట్లాట వచ్చినప్పుడు పదిహేడో ఎక్కం వెనక నుంచి చదవమని తన వాళ్లకు చెప్పింది. ఏడుపు సీన్లకు పచ్చిమిరపకాయ కొరకమంది. ఇట్లా మేం ఒకరి సీను ఒకరం చంపుకుంటూ పోయాం. సంబరంగా.

ముప్పై ఒకటో ఎపిసోడ్ దాదాపు మొత్తం ఒకే సీను. మూసిన తలుపు ముందు కురోహ కూర్చుని మాట్లాడుతుంది. ఇరవై రెండు నిమిషాలు. గుద్దు లేదు, తన్ను లేదు. దానికి మేం "తలుపు ఎపిసోడ్" అని పేరు పెట్టి పగబట్టాం. మళ్లీ మళ్లీ పెట్టుకుని, ప్రతిసారీ కళ్లు మూసుకుని, నాలుగు, ఎనిమిది, నాలుగు, ఎనిమిది. మూడు వారాల్లో అది పోయింది. ఆ రాత్రి యాదగిరి మాకు బిర్యానీ పెట్టించాడు. మా అక్క గొంతు మీద నేను బిర్యానీ తిన్నాను.

అప్పటికి అక్కకు గొంతుంది. పోయేదల్లా తెర మీది సీనే అనుకున్నాను.

ఏడాది తిరగకముందే అక్క గొంతులో గడ్డ అన్నారు. సర్కారు దవాఖానలో ఆపరేషన్. మనిషి దక్కింది. స్వరపేటిక తీసేశారు. అప్పటికి అక్క బిడ్డ జున్నుకు ఐదు నెలలు. బావ లారీ మీద తిరుగుతాడు, నెలకు పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. అందుకని అక్కా జున్నూ మా ఇంట్లోనే.

జున్నుకు ఇప్పుడు మూడేళ్లు. తల్లి అంటే దానికి చప్పట్లు. ఒక చప్పట్టు కొడితే ఇటు చూడు, రెండైతే రా, మూడైతే తిను. తల్లులందరూ ఇట్లాగే పిలుస్తారనుకుంటుంది. పక్కింటామె కొడుకును "చింటూ" అని కేకేస్తే జున్ను వింతగా చూసేది.

మొన్న వేసవిలో పట్టపగలు మా గల్లీలోకి నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తోంది. జున్ను బంతి వెంట పరుగెత్తింది. అక్క వాకిట్లో నిలబడి చప్పట్లు కొట్టింది. ట్యాంకర్ రొదలో ఎవరికి వినబడుతుంది? అక్క నోరు తెరిచింది. గొంతు దగ్గరున్న రంధ్రం నుంచి గాలి మాత్రం వచ్చింది. పాలప్యాకెట్లు వేసే మల్లేశం జున్ను చొక్కా పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజంతా అక్క అన్నం ముట్టలేదు. పలక మీద రాసి నాకు చూపించింది: "మెల్లగ మాట్లాడకున్నా బతుకుత. ఒర్రలేకుంటే ఎట్ల రా?"

దవాఖానలో మాట నేర్పే శ్రీలత గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆమె దగ్గర కొత్త పనిముట్టు ఉంది. గడ్డం కింద బిళ్లలా అతికిస్తారు. పెదాలు, నాలుక కదిలే తీరు పట్టుకుని మాటను బయటికి పలుకుతుంది. ఎవరి గొంతు నేర్పితే ఆ గొంతులో.

"మీ అక్క పాత గొంతు కావాలి. నెమ్మదిగా మాట్లాడింది ఇరవై నిమిషాలు, గట్టిగా అరిచింది పది నిమిషాలు. వెనక చప్పుడు ఉండొద్దు" అంది శ్రీలత.

"ఫోన్ల ముక్కలున్నయి మేడం. 'కూర తే', 'చార్జర్ ఏడ బెట్టినవ్' అని."

ఆమె విని తల ఊపింది. "చాలదు ఐలేష్ గారూ. నెమ్మది గొంతొకటే ఇస్తే అరుపును మిషను తన సొంతంగా కల్పించుకుంటుంది. అరుపొకటే ఇస్తే లాలి కూడా అరుపులా వస్తుంది. రెండూ ఉంటేనే అది మీ అక్క. ఈ బిళ్లలు ఇచ్చే విడత ఈ నెల ఇరవై ఎనిమిదో తేదీతో ముగుస్తుంది. మళ్లీ ఎప్పుడో నేను చెప్పలేను."

నాకు నవ్వొచ్చింది. ఇరవై నిమిషాల నెమ్మది మాట ఎక్కడుందో నాకు తెలుసు. తలుపు దగ్గర.

మీ ఆఫీసుకు వచ్చాను. ఏడో అంతస్తులో సన్నటి కుర్రాడు, మేనేజరట, మంచినీళ్లిచ్చాడు. విన్నాడు.

"జపాన్ మూలం భద్రంగా ఉంది సార్. తెలుగు శబ్దం ఇక్కడ మాత్రమే ఉండేది. ఆ భాగం తొలగించబడింది."

"తొలగించబడింది కాదు. తొలగించిన్రు. స్టూడియోల ఉన్న కాపీ?"

"స్టూడియోను మేమే తీసుకున్నాం సార్. ఆ డిస్కులు ఖాళీ చేసి వేరే పనికి వాడాం. అయినా మేము దేన్నీ చెరపం సార్. ప్రేక్షకులే చెరుపుతారు. చూడండి."

తెర నా వైపు తిప్పాడు. "జీవం లేని భాగం" అని పైన. కింద గీతలు. బోరబండ నుంచి నాలుగు వందల పన్నెండు పట్టీలు. అన్నీ ఒకే నిమిషంలో పడుకున్నాయి, నేల మీద గీసినట్టు. పదకొండో వరసలో నా పేరు.

"మీ ఏరియానే సార్" అన్నాడు. ఎగతాళిగా కాదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

ఇంటికొచ్చి అక్కకు చెప్పేశాను. బిర్యానీతో సహా. అక్క బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు. రెండు రోజులు నా ముఖం చూడలేదు. కంచం జున్ను చేత పంపింది. మూడో రోజు పలక తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆ సీను ఒక్క టేకుల చెప్పిన. అయిదో నిమిషంల ఓవర్ చేసిన్నేమో అని ఇప్పటికీ అనుమానం. మంచిగున్నదా లేదా చెప్తవేమో అని అడుగుదామనుకున్న. కళ్లు మూస్కున్నోనివి, నువ్వేం చెప్తవ్?"

ఆ మధ్యాహ్నం పెట్టెలో పడేసిన నా పాత పట్టీ తీసి విప్పాను. కోపంతో విప్పాను. లోపల చూస్తే, నాడి లేచిన భాగాల కాపీ పట్టీలోనే మిగిలి ఉంది. కరెంటు ఆదా చేసే మహానుభావులు జేబులు తడుముకోవడం మరిచిపోయారు. నా పట్టీ నిండా కొట్లాటలు, మేడం వాళ్లు ఎక్కం చదివి చంపినవి కూడా. కొట్లాటల్లో కురోహ అరుపులు. మా అక్క అరుపులు! వెనక డప్పుల గోల ఉంది, అయినా ఉన్నాయి. అంటే మాటలు ఎవరి పట్టీల్లో ఉంటాయి? మూడేళ్లుగా మొహం చూడని ఫరీదా మేడం ఇంటికి పరుగెత్తాను.

మేడం గుమ్మంలోనే నిలబెట్టింది. మొత్తం విన్నది.

"పట్టీ ఇస్త. కానీ ముందు ఎదురు సీను చెప్పు. తలుపు ఎపిసోడ్ చెప్పు."

"నాకు రాదు మేడం. నేను చూడలే."

"చూడకుండనే చంపినవా?"

"ఆఁ."

మేడం గుమ్మంలోంచి పక్కకు జరిగింది. "లోపలికి రా. చెప్పులు ఆడ ఇడువు" అంది. పట్టీని టీవీకి తగిలించింది.

కురోహ కత్తి పట్టుకుని మెట్లెక్కి వస్తుంది. తలుపు అవతల గాయపడిన తొకియా. చంపడానికే వచ్చింది. తలుపు మీద చెయ్యి వేయగానే లోపల ఒక పిల్ల దగ్గు వినబడుతుంది. అది కురోహ కూతురు. చనిపోయిందనుకున్న కూతురు. కురోహ కత్తి కింద పెట్టి నేల మీద కూలబడుతుంది. తర్వాత, "దానికి దగ్గు వస్తే ముల్లంగి రసంలో తేనె కలిపి పట్టు" అంటుంది తొకియాతో. శత్రువుతో అనే మాటేనా అది? పిల్ల లోపలి నుంచి "ఎవరు?" అని అడుగుతుంది. తల్లినని చెప్పదు. "కాపలా మనిషిని తల్లీ. ఇక్కడే కూర్చుంటాను. ఎవరినీ రానివ్వను." ఇక అక్కడి నుంచి తెల్లవారేదాకా పిల్లకు కబుర్లు చెప్తుంది.

అది మా అక్క. నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే ఇట్లాగే మాట్లాడేది. ఐదో నిమిషంలో గొంతు కొంచెం ఎక్కువే వణికింది. నిజమే, ఓవర్ చేసింది.

"కానీ మాట తప్పింది నీచురాలు" అంది ఫరీదా మేడం. "ఎవర్నీ రానియ్య అన్నది. తర్వాత సీనుల పిల్ల వేరే ఊర్ల అమ్మమ్మ కాడ ఉంటది. ఈమె పత్తా లేదు. వదిలేసి పోయింది. మూడేండ్ల సంది నాకు కోపం."

నేను లేచి నిలబడ్డాను. "పోలేదు మేడం!"

"ఏంది?"

"ముప్పై రెండో ఎపిసోడ్ల పెద్ద ఫైటు. ఆమె సేనే ఆమె మీదికొస్తది. రెక్కలున్నయి, ఎగరదు. గోడకు వెన్ను ఆనించి కొట్లాడ్తది. మూడేండ్ల సంది మేం డైరెక్టర్‌ను తిడుతున్నం, ఎగరకుండ నిలబడుడేంది, దద్దమ్మ అని. అది గోడ కాదు మేడం. తలుపు!"

మేడం నోరు తెరిచింది. "చెప్పు. మొత్తం చెప్పు."

చెప్పాను. చెప్పడమేంటి, ఆడాను. వాళ్ల హాల్లో స్టీలు తాంబాళం డాలుగా పట్టుకుని, వంటింటి తలుపుకు వెన్ను ఆనించి, నలభై మంది సైనికులతో పోరాడాను. ఎడమ రెక్క తెగిపోయినా ఆమె పక్కకు జరగలేదని చెప్పాను. "వెనక్కి పోండి!" అని అక్క అరిచినట్టే అరిచాను. పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టారు. ఫరీదా మేడం ఏడుస్తూ నవ్వుతూ, "ఆ అడుగు మళ్లా చూపించు, జరగని అడుగు" అంది. ఆమెకు కొట్లాట నచ్చింది! నేను చూపించాను.

ఇది మీరు చేసిన పని, చిత్రనాడి వాళ్లూ. ఒక తల్లిని సగానికి కోసి, సగం ఆమెకు, సగం నాకు ఇచ్చారు. ఆమెకు పిరికిది మిగిలింది, నాకు తెలివితక్కువది మిగిలింది.

వారం తిరగకుండా పని మొదలుపెట్టాం. ఒక్క పట్టీలోని గొంతు పనికిరాదు, వెనక సంగీతం అంటుకుని ఉంటుంది. దారి ఫరీదా మేడం చెప్పింది.

"ఎవరి పట్టీల సంగీతం వాళ్లది. ఒకరికి డప్పు, ఒకరికి వేణువు. గొంతు మాత్రం అందరికీ ఒక్కటే. వంద పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చినమనుకో. సంగీతాలు ఒకదాన్నొకటి పలచన చేస్కుంటయి. గొంతు చిక్కబడ్తది."

కాబట్టి వందల పట్టీలు కావాలి. రెండు పార్టీలవీ. యాదగిరి ముందు బయటికే రాలేదు. జిమ్ము షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాడు. "ఆ ఊపిరి నేర్పింది నేనే గదరా. ఏ మొకం పెట్టుకొని స్వరూపక్క ముందర నిలబడాలె?" అన్నాడు.

"మొకం అద్దు అన్నా, పట్టీ తే" అన్నాను.

తెచ్చాడు. తన వాళ్లందరివీ తెచ్చాడు, బాక్సింగ్ గ్లౌజుల సంచిలో. కరీంనగర్ నుంచి, గుంటూరు నుంచి పార్సిళ్లొచ్చాయి. జిమ్ము మేడ మళ్లీ నిండింది. నేను పట్టీలు విప్పుతున్నాను, మేడం శిష్యులు పేరుస్తున్నారు. జనం పోట్లాడుతున్నారు. "మీ తొకియా అమ్మ ఫోన్ బిల్లు ఎవరు కట్టిన్రు?" అని ఒకడు. "మీవోడు గుద్దినంకనే ఎందుకు పేరు చెప్తడు, ముందు చెప్పొద్దా?" అని ఇంకొకామె. ఎంత బాగుందో ఆ గోల!

మొత్తం మూడు వందల తొంభై పట్టీలు. యాభై పేర్చేసరికి నీళ్ల కింది నుంచి ఎవరో మాట్లాడినట్టు. రెండు వందలకు సంగీతం దూరం పోయింది. ఇరవై ఏడో తేదీ మధ్యాహ్నం, నెమ్మది గొంతు పంతొమ్మిది నిమిషాలు, అరుపు పన్నెండు నిమిషాలు మిగిలాయి. ఆటోలో శ్రీలత గారి దగ్గరికి పరుగెత్తాం. ఒక నిమిషం తక్కువైందని భయం. ఆమె విని, "చాలు. పంతొమ్మిదే అయినా మంచి నటి మాట" అంది.

బిళ్ల అతికించిన రోజు జున్నును కూడా తీసుకుపోయాం. అక్క పెదాలు కదిపింది.

"జున్నూ... అన్నం తిన్నవా?"

అక్క గొంతే. 'జ' కొంచెం జారుతోంది, అయినా అక్క గొంతే. యాదగిరి గోడ వైపు తిరిగిపోయాడు. జున్ను మాత్రం శ్రీలత గారి వైపు చూసింది, ఆమె మాట్లాడిందనుకుని. అక్క మళ్లీ పిలిచింది. జున్ను గది మూలలన్నీ వెతికి, భయపడి నా కాళ్ల వెనక దాక్కుంది. తల్లి గొంతును బిడ్డ గుర్తుపట్టలేదు. ఈ ఒక్కటి మీ తెర మీద ఏ గీత కింద పడుతుందో మీరే చెప్పండి.

తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు పొద్దున అక్క ఆరబెట్టిన బియ్యప్పిండిని జున్ను తీసుకెళ్లి నీళ్ల బకెట్లో పోసింది. వంటింట్లోంచి కేక.

"జున్నూ! ఏం జేస్తున్నవే! చెయ్యి తియ్ బయటికి!"

అది కురోహ అరుపు. నలభై మందిని వెనక్కి నెట్టిన అరుపు. జున్ను అదిరిపడి తల్లి ముఖం వైపే చూసింది. తప్పుగా ఎక్కడా చూడలేదు. చూసి పెదవి విరిచి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. మూడేళ్లలో తల్లి చేత మొదటి తిట్టు తిన్నది. అక్క పిండి చేతులతోనే దాన్ని ఎత్తుకుని, "ఊకో బిడ్డా, ఊకో, ఇంకా తిట్టనా?" అంటూ నవ్వింది. బిళ్లకు నవ్వు సరిగా రాదు, గరగర వచ్చింది. అది శ్రీలత గారు బాగుచేస్తామన్నారు. ఎండకు చెమట పట్టి బిళ్ల ఊడుతుంది కూడా. దానికి నేనొక క్లిప్పు చేశాను.

ఆ సాయంత్రం అక్క నన్ను నోటితోనే అడిగింది, పలక లేకుండా. "అయిదో నిమిషం?"

"ఓవర్ చేసినవక్కా."

"తెల్సు" అంది. "ఆరో నిమిషం?"

"ఆరో నిమిషం నన్ను సంపినవ్."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. గొంతు ఉండి మాట్లాడకపోవడం వేరు.

ఇప్పుడు వినండి. కృష్ణానగర్ నుంచి మనుషులు జిమ్ముకు వస్తున్నారు. మీరు చెరిపిన తెలుగు గొంతులు నలభై మూడు అని లెక్క తేలింది. ఇద్దరు చనిపోయారు. వాళ్ల పిల్లలు వచ్చి, "మా నాయన రాక్షసునికి చెప్పిండు, ఎవరి దగ్గరన్న ఉన్నదా?" అని అడుగుతున్నారు. పట్టీలు పాడైపోతున్నాయి, బ్యాటరీలు ఉబ్బుతున్నాయి. మీరు ప్రతి శుక్రవారం ఇంకా తుడుస్తూనే ఉన్నారు.

అభిమానులారా, ముందు మీకు. పెట్టెల్లో, అటకల మీద ఉన్న పట్టీలు దించండి. చార్జింగ్ పెట్టొద్దు, ఉన్నదున్నట్టు మాకు పంపండి. నచ్చని సీను వచ్చినప్పుడు కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టడం ఈ రోజుతో మానేయండి. చూడండి. చూసి బండబూతులు తిట్టండి.

చిత్రనాడి పెద్దలారా, మీకు. వచ్చే శుక్రవారం ఆరు గంటలకు మీరు మీట నొక్కకూడదు. ఆ తర్వాత ఏ శుక్రవారమూ నొక్కకూడదు. మీ దగ్గర మిగిలిన ప్రతి సీరియల్ తెలుగు శబ్దాన్నీ కోత లేకుండా, మొదటి క్షణం నుంచి చివరి దాకా బయట పెట్టండి. గొంతు ఇచ్చిన ప్రతి మనిషికీ ఒక కాపీ వాళ్ల చేతికివ్వండి. పట్టీ కట్టుకున్న వాళ్లకు మొత్తం కథ చూపించండి. మా నాడి లేస్తే లేస్తుంది, పడుకుంటే పడుకుంటుంది, అది మా సంగతి. మాకు నచ్చినది ఒక్కటే ఇచ్చి సరిపెట్టకండి. నచ్చనిదీ ఇవ్వండి. అందులో ఎవరి తల్లి మాట్లాడుతుందో మీకు తెలియదు, మాకూ తెలియదు.